కోడిపిల్లల పెట్టెకూ చీటీ అడుగుదాం

బడులు తెరిచారు. ఎరువుల కోసం, అప్పుల కోసం మన సంఘం కార్యాలయానికి వచ్చే రైతుల నోట ఈసారి ఇంకో ప్రశ్న కూడా వినబడుతోంది. "మా ఊరి బడిలో కోళ్లు పెంచుదామని పంతుళ్లు అనుకుంటున్నారు. పిల్లల్ని ఏ హేచరీలో తెమ్మంటారు?" అని. అడిగేది బడి కమిటీల్లో ఉన్న తల్లిదండ్రులు. వాళ్లలో సగం మంది మన సభ్యులే.

ఫలానా హేచరీకి పొండి అని ఒక్క ముక్కలో చెప్పి పంపేయొచ్చు. మేము అలా చెప్పదలచుకోలేదు. ఈ ఏడాది బాగున్న హేచరీ వచ్చే ఏడాదీ బాగుంటుందని హామీ లేదు. పేరు చెబితే మీరు పేరు చూసి కొంటారు, ప్రశ్నలు అడగరు. అడగాల్సిన ప్రశ్నలేమిటో తెలిస్తే ఏ హేచరీ గడప తొక్కినా మీకు మీరే తేల్చుకోగలరు. విత్తనం విషయంలో మనం ఇది చాలా నష్టపోయాకే నేర్చుకున్నాం. నకిలీ మిర్చి విత్తనాలతో ఖమ్మం, వరంగల్ రైతులు ఎన్నిసార్లు రోడ్డెక్కారో అందరికీ తెలుసు. సంచి మీద చీటీ, లాట్ నంబరు, కొన్న బిల్లు ఉన్న రైతు పరిహారం కోసం కొట్లాడగలిగాడు. అవి లేని రైతు ఊరుకోవాల్సి వచ్చింది. కోడిపిల్ల కూడా విత్తనం లాంటిదే.

ముందు ఒక లెక్క చూద్దాం. బడి కోళ్లతో మధ్యాహ్న భోజనానికి గుడ్లు సరిపోతాయని కొందరు ఆశపడుతున్నారు. తెలంగాణలో పిల్లలకు వారానికి 3 గుడ్లు, ఆంధ్రప్రదేశ్‌లో 5 గుడ్లు పెట్టాలి. 150 మంది పిల్లలున్న బడికి తెలంగాణ లెక్కనే వారానికి 450 గుడ్లు కావాలి. 100 పిల్లల్ని తెచ్చారనుకుందాం. పెరటి రకాల్ని సాధారణంగా ఆడా మగా వేరు చేయకుండానే అమ్ముతారు. పదింటిని చావుల కింద తీసేస్తే 90 మిగులుతాయి. అందులో పెట్టలు 45. మేత బాగా వేసి చూసుకుంటే రోజుకు 27 గుడ్లు, అంటే వారానికి 189. అవసరంలో సగం కూడా తీరదు. కాబట్టి గుడ్ల సరఫరాకు ఇది బదులు అని ఎవరూ మాట ఇవ్వొద్దు. అలా మాట ఇస్తే రేపు బిల్లులు ఆపడానికి అధికారులకు అదే సాకు అవుతుంది. బడి కోళ్లు పిల్లలు పని నేర్చుకోవడానికి, కూరలో ఇంకో గుడ్డు పడటానికి. ఆ మేరకు అవి చాలా విలువైనవే.

హేచరీని ఎంచుకునే ముందు ఏ కోడి కావాలో తేల్చుకోవాలి. 300 గుడ్లు పెట్టే ఫారం లేయరు కోడి బడికి పనికిరాదు. దానికి కొలత ప్రకారం దాణా, కట్టుదిట్టమైన షెడ్డు ఉండాలి. ఎండకూ వానకూ అది తట్టుకోదు. బడి ఆవరణలో తిరిగి ఏరుకుని తినే కోడి కావాలి. అలాంటి రకాల్ని తయారు చేసిన సంస్థ మనకు దగ్గరలోనే, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉంది. కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ అక్కడ 1988 నుంచి పనిచేస్తోంది. వనరాజా, గ్రామప్రియ అక్కడివే. వనరాజా మాంసానికీ గుడ్లకూ రెండింటికీ పనికొస్తుంది. ఒళ్లు బరువు, గుడ్లు ఏడాదికి 100 పైచిలుకు. గ్రామప్రియ ప్రధానంగా గుడ్ల కోడి. చూసుకునే తీరును బట్టి 200 దాటి పెడుతుంది. అదే రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల కోళ్ల కేంద్రం నుంచి వచ్చింది రాజశ్రీ. మన నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లకు మించి పెట్టదు గానీ పొదుగుతుంది, పిల్లల్ని కాస్తుంది, గద్ద నీడ పడితే దాక్కుంటుంది. గుడ్ల కోసమైతే బడికి గ్రామప్రియ గానీ రాజశ్రీ గానీ మేలని మా అభిప్రాయం. వనరాజా ఒంటి బరువు వల్ల కుక్కకూ పిల్లికీ తొందరగా చిక్కుతుంది. ప్రహరీ లేని బడి దాని జోలికి పోకపోవడం మంచిది.

ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. వనరాజా, గ్రామప్రియ సంకర రకాలు. వాటి గుడ్లనే పొదిగిస్తే వచ్చే పిల్లలు తల్లిలా ఉండవు. హైబ్రిడ్ మొక్కజొన్న గింజను దాచి మళ్లీ విత్తితే ఏమవుతుందో ఇక్కడా అదే. పైగా ఆ పెట్టలు పొదుగుకు కూర్చోవడం అరుదు. కాబట్టి మంద మార్చాల్సి వచ్చినప్పుడల్లా హేచరీ దగ్గరకే పోవాలి. ఇది ఒక్కసారి కొని మరిచిపోయే బేరం కాదు. హేచరీని జాగ్రత్తగా ఎంచుకోవాలనడానికి ఇదొక కారణం.

ఇప్పుడు ధర సంగతి. ఊళ్లోకి బండి మీద గంపల్లో రంగు పూసిన పిల్లల్ని తెచ్చి అగ్గువకు అమ్ముతుంటారు. అవి చాలావరకు లేయరు హేచరీల్లో పనికిరావని పక్కన పెట్టిన మగపిల్లలు. గుడ్లు పెట్టే జాతి కాబట్టి కండ పట్టవు, మగవి కాబట్టి గుడ్లు పెట్టవు. అడిగితే నాటు పిల్లలంటారు. మన సభ్యుల ఇళ్లలో కొని పెంచి, నాలుగు నెలలకు అన్నీ పుంజులేనని తేలినవాళ్లున్నారు. అమ్మినవాడు మళ్లీ ఆ ఊరి మొహం చూడలేదు. బడి డబ్బుతో ఆ పని చేయొద్దు.

అసలు హేచరీల మధ్య తేడా పిల్లకు పదో పదిహేనో రూపాయలు ఉంటుందనుకుందాం. 100 పిల్లలకు 1,500. తక్కువ ధర వైపు మనసు లాగడం సహజం. కానీ ఒక పిల్ల గుడ్డుకు వచ్చేసరికి సుమారు 8 కిలోల మేత తింటుంది. ఆవరణలో ఏరుకుని తింటే కొంత తగ్గుతుంది. కిలో 35 రూపాయలు వేసుకున్నా ఒక్కో కోడి మీద 280 రూపాయల మేత. రోగం మోసుకొచ్చిన పిల్ల మూడు నెలలు మేసి పడిపోతే పోయేది పిల్ల ధర కాదు, ఆ మేత. దానితో పాటు రోజూ పొద్దున్నే వచ్చి నీళ్లు పెట్టిన పిల్లల ఉత్సాహం.

ఇక హేచరీలో అడగాల్సినవి. ఫోన్లో వద్దు. ప్రధానోపాధ్యాయుడు, కమిటీ నుంచి ఒకరు, కోళ్లు పెంచిన అనుభవమున్న రైతు ఒకరు కలిసి వెళ్లాలి.

మొదటిది, తల్లి కోళ్లు ఎక్కడివి? గుడ్లు సొంత తల్లి మందవా, బయట కొన్నవా? నాలుగు చోట్ల గుడ్లు పోగుచేసి పొదిగించే చోట ఏ రోగం ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. కొన్ని రోగాలు తల్లి నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పిల్లకు వస్తాయి. తెల్లపారుడు అలాంటిదే. పిల్లల వెనక భాగం తెల్లగా అంటుకుపోయి, మొదటి రెండు వారాల్లోనే గుట్టలుగా చస్తాయి. తల్లి మందకు దీని పరీక్ష ఎప్పుడు చేయించారో అడగండి. చేయించేవాడి దగ్గర కాగితం ఉంటుంది.

రెండోది, మారెక్స్ టీకా వేశారా? అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. ఈ టీకా పిల్ల పుట్టిన మొదటి రోజే హేచరీలో మెడ దగ్గర చర్మం కింద వేయాలి. తర్వాత మనం వేసినా ఫలితం ఉండదు. వేయని మందలో ఈ రోగం వస్తే రెండు, మూడు, నాలుగు నెలల వయసులో కోడి ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాచి పడిపోతుంది. దానికి మందు లేదు. పెరటి కోళ్లే కదా అని ఈ టీకా మానేసే చోట్లు ఉన్నాయి. వేశామని బిల్లు మీద రాసివ్వమనండి. రాయనంటే వెనక్కి వచ్చేయండి.

మూడోది, ఏ రోజు పొదిగి పగిలినవి? గుడ్డు పగలడానికి 21 రోజులు పడుతుంది. పగిలాక పిల్ల కడుపులోని పచ్చసొనతో రెండు మూడు రోజులు బతకగలదు. ఆ ధైర్యంతోనే కొందరు అమ్ముడుపోక మిగిలిన పిల్లల్ని తర్వాతి రోజు కూడా అంటగడతారు. ఆ గడువు ప్రాణం నిలవడానికే. ఆలస్యమైనకొద్దీ పిల్ల ఎండిపోతుంది. ఒక రాత్రి ప్రయాణంలో బడికి చేరేంత దూరంలోనే హేచరీ ఉండాలి. పగటి ఎండలో బస్సు మీద వేసి తేవొద్దు.

నాలుగోది, దారిలో, మొదటి వారంలో చనిపోయిన వాటి సంగతేమిటి? వందకు కొన్ని అదనంగా వేయడం ఈ వ్యాపారంలో రివాజు. ఎన్ని వేస్తారో, మొదటి వారంలో మందగా చనిపోతే ఏం చేస్తారో ముందే తేల్చుకోవాలి.

ఐదోది, బిల్లు. రకం పేరు, పిల్లల సంఖ్య, పగిలిన తేదీ, వేసిన టీకా, హేచరీ ముద్ర ఉండాలి. "బడికే కదా సారూ, బిల్లెందుకు" అనే చోట అసలు కొనొద్దు.

ఆరోది, దగ్గరలో బర్డ్ ఫ్లూ ఉందా? 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో ఏం జరిగిందో చూశాం. రోగం తేలిన చోట చుట్టూ కిలోమీటరు మేర కోళ్లన్నిటినీ చంపేయాల్సి వస్తుంది, 10 కిలోమీటర్ల వరకు నిఘా పెడతారు. బడిలోకి రోగం వస్తే పోయేది బడి కోళ్లొక్కటే కాదు, ఊళ్లో ప్రతి ఇంటి పెరటి కోడీ పోతుంది. పశుసంవర్ధక శాఖ డాక్టరు దగ్గర ఆ హేచరీ ఉన్న ప్రాంతం గురించి విచారించుకున్నాకే డబ్బు కట్టాలి.

పిల్లలు చేతికొచ్చాక మూత తీసి చూడండి. కళ్లు మెరవాలి, బొడ్డు మూసుకుని ఆరిపోయి ఉండాలి, కాళ్లు నిగనిగలాడాలి. వెల్లకిలా పడుకోబెడితే వెంటనే లేచి నిలబడాలి. అన్నీ ఒక్క సైజులో ఉండాలి, బరువు 35 నుంచి 40 గ్రాముల మధ్య ఉండాలి. బొడ్డు తడిగా, నల్లగా ఉన్న పిల్లలు ఎక్కువగా కనిపిస్తే పెట్టె అక్కడే దించి పంచాయితీ పెట్టండి, ఇంటికి తెచ్చుకున్నాక కాదు.

ప్రభుత్వ సంస్థలో తీసుకోవాలా, ప్రైవేటులోనా అని అడుగుతున్నారు. మా మాట ప్రభుత్వ సంస్థలకే. పరిశోధన సంస్థ, పశువైద్య విశ్వవిద్యాలయం, కృషి విజ్ఞాన కేంద్రాల దగ్గర రకం కల్తీ ఉండదన్న నమ్మకం ఉంది, అడిగితే చెప్పే శాస్త్రవేత్త ఉంటాడు. ఇబ్బంది ఏమిటంటే కావాలన్న రోజున దొరకవు. ముందే పేరు రాయించుకోవాలి, ఇచ్చిన తేదీకి వెళ్లి తెచ్చుకోవాలి. ప్రైవేటు హేచరీలన్నీ మోసమనీ మేము అనడం లేదు. పై ఆరు ప్రశ్నలకు కాగితం మీద జవాబిచ్చే ప్రైవేటు హేచరీ ఉంటే నిక్షేపంగా కొనొచ్చు. మూడో దారి కూడా ఉంది. నాలుగు నుంచి ఆరు వారాలు పెంచి, మొదటి టీకాలు వేసి అమ్మే యూనిట్లు కొన్నిచోట్ల ఉన్నాయి. ధర ఎక్కువే గానీ, కరెంటు నమ్మకం లేని, రాత్రి కాపలా లేని బడికి అదే క్షేమం.

తేదీ గురించి ఒక హెచ్చరిక. జూలై మొదట్లో పిల్లల్ని దించితే సంక్రాంతి నాటికి గుడ్డు పడుతుంది. బడి మూసే ఏప్రిల్ నెలాఖరు దాకా మూడు నెలల పైన గుడ్లు అందుతాయి. పిల్లలు దొరికేసరికి ఆగస్టు దాటేట్టయితే ఈ ఏడాదికి ఆగి వచ్చే ఏడాదికి బుక్ చేసుకోవడం మేలు. లేకపోతే గుడ్లు మొదలయ్యే వేళకు సెలవులు వస్తాయి. మే నెల ఎండల్లో మందను చూసేదెవరో కూడా ఇప్పుడే రాసుకోవాలి. బడి పక్కన ఉన్న ఒక కుటుంబానికి ఆ నలభై యాభై రోజులు అప్పజెప్పి, గుడ్లు వాళ్లవి, మేత బడిది అని ఒప్పందం చేసుకోవచ్చు. కోళ్లను మాత్రం వాళ్లింటికి పంపొద్దు. ఇంటి కోళ్లతో కలిస్తే రోగాలు అటూ ఇటూ పాకుతాయి. జాలిపడి ఎవరో తెచ్చిచ్చిన సంత కోడిని కూడా మందలో కలపొద్దు.

డబ్బు కట్టేముందే బడి వైపు ఏర్పాట్లు పూర్తి కావాలి. కొత్త ఊక రెండు మూడు అంగుళాల మందాన పరిచి, దాని మీద కాగితాలు వేసి, చుట్టూ గుండ్రంగా అట్ట కట్టాలి. పిల్లలు రావడానికి ముందు రోజే బల్బులు వేసి చూడాలి. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉండాలి, ఆ తర్వాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపు కడితే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి. కరెంటు పోతే బొగ్గుల కుంపటి సిద్ధంగా ఉండాలి, పొగ లేకుండా చూసుకోవాలి. మొదటి వారం లోపు కొక్కెర తెగులు టీకా, రెండో వారంలో గంబోరో, నాలుగో వారంలో మళ్లీ కొక్కెర తెగులు టీకా పడాలి. ఈ టీకా సీసాలు 100 డోసులకు తక్కువ దొరకడం కష్టం, తెరిచాక గంట రెండు గంటల్లో వాడేయాలి. బడి కోళ్లకు వేసిన రోజే ఊళ్లో కోళ్లకూ వేయిస్తే సీసా వృథా పోదు, ఊరికీ మేలు. ఇది మన గ్రామ కమిటీలు చేయగలిగిన పని.

రైతు సంఘం పత్రిక కోడిపిల్లల గురించి ఇంత రాయడం ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటిది, తెలంగాణ మూడోది. బి.వి. రావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టిన కాలం నుంచి ఈ పరిశ్రమ మన కళ్లముందే పెరిగింది. గుడ్ల ధర పడిపోయి రైతులు మునిగిపోతుంటే 1982లో నెక్ ఏర్పడి, ధర ప్రకటించే పని రైతుల చేతికి తెచ్చింది. పిల్ల మాత్రం రైతు చేతికి రాలేదు. బ్రాయిలర్ కాంట్రాక్టులో చూడండి. పిల్ల కంపెనీది, మేత కంపెనీది, మందు కంపెనీది. షెడ్డు, కరెంటు, ఊక, రాత్రింబవళ్ల చాకిరీ రైతువి. బలహీనమైన పిల్లల లాట్ వచ్చి చావులు పెరిగితే కోత పడేది రైతు పెంపకం చార్జీలో. ఆ లాట్ ఏ తల్లి మందది, ఏ రోజు పగిలింది అని అడిగే హక్కు ఒప్పందంలో ఎక్కడా ఉండదు. షెడ్డు కోసం అప్పు తెచ్చిన రైతు అడగడానికి జంకుతాడు. అడిగితే తర్వాతి బ్యాచ్ రాదేమోనని భయం.

బడికి ఆ భయం లేదు. బడికి కంపెనీ అప్పు లేదు, ఒప్పందం లేదు. హేచరీ గడపలో నిలబడి టీకా కాగితం చూపించమని బడి ధైర్యంగా అడగగలదు. ఒక మండలంలో పది బడులు అలా అడిగితే కాగితం ఇవ్వడం హేచరీకి అలవాటవుతుంది. అప్పుడు మన రైతుకూ అడగడం తేలికవుతుంది. ఆ బిల్లును గోడకు అంటించి, రోజువారీ చావులూ మేతా గుడ్లూ పుస్తకంలో రాసిన పిల్లలు పదేళ్ల తర్వాత షెడ్డు పెడితే, చదవకుండా ఒప్పందం మీద సంతకం పెట్టరని మా నమ్మకం.

ప్రభుత్వాల ముందు మన సంఘం మూడు కోరికలు పెడుతోంది. కోడిపిల్లల ప్రతి పెట్టె మీద రకం, పగిలిన తేదీ, టీకా, హేచరీ పేరుతో చీటీ ఉండాలి. రాజేంద్రనగర్ రకాల తల్లి కోళ్లను జిల్లాకొక ప్రభుత్వ ఫారంలో ఉంచి, బడులకూ మహిళా సంఘాలకూ ముందు ఇవ్వాలి. కాంట్రాక్టు రైతుకు ఇచ్చే ప్రతి లాట్‌తో ఆ వివరాలన్నీ రాతపూర్వకంగా ఇవ్వాలి, లాట్ లోపం వల్ల జరిగిన చావులకు రైతు చార్జీలో కోత పెట్టకూడదు.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో ఈ విషయం చర్చించండి. మీ ఊరి బడి కోళ్లు పెంచాలనుకుంటే కమిటీ నుంచి ఒక అనుభవజ్ఞుడిని వాళ్ల వెంట హేచరీకి పంపండి. ఆరు ప్రశ్నలకూ వచ్చిన జవాబుల్ని రాసి, బిల్లు నకలుతో కలిపి మండల కమిటీకి అందజేయండి. అడిగినా కాగితం ఇవ్వని చోటు ఉంటే అదీ రాయండి. నాలుగు మండలాల నుంచి ఆ కాగితాలు చేతికొస్తే, పశుసంవర్ధక శాఖ కార్యాలయానికి వెళ్లేటప్పుడు మన దగ్గర మాటలతో పాటు రుజువులు కూడా ఉంటాయి.